ఖడ్గము పట్టని విశ్వాసి: పీటర్ చెల్చిట్స్కీ

నేటి చెక్ దేశములోని బొహీమియా ప్రాంతమున, దక్షిణ దిక్కునగల చెల్చిట్సె అను పల్లెకు చెందిన పీటర్ చెల్చిట్స్కీ జీవితమును మనము క్లుప్తముగా తలంచుకొందాము. ఆయన 1390 ప్రాంతములో జన్మించారు. విశ్వవిద్యాలయపు పట్టా లేదు, లాటిను కొద్దిగానే తెలుసు. అందుచేత తన ప్రజల భాషయైన చెక్‌లోనే వ్రాశారు.

1415లో సంస్కర్త జాన్ హస్‌ను కాన్‌స్టాన్స్ పట్టణములో సజీవముగా కాల్చివేశారు. 1420లో పోపు పిలుపుతో ఆయన అనుచరులమీదికి సైన్యములు వచ్చాయి. వారును ఆయుధములు పట్టారు. ప్రాగు పండితులు అది న్యాయమేనన్నారు. అప్పుడు చెల్చిట్స్కీ, యాకూబెక్ అను పేరుగల బోధకుని కలిసి, యుద్ధమునకు లేఖనాధారమేమిటని అడిగారు. పూర్వికుల అభిప్రాయములే తప్ప క్రీస్తు మాట ఒక్కటైనను ఆయనకు లభించలేదు.

శత్రువు హింసను ఖండించుట సులభము. స్వజనుల హింసను, అందులోను అన్యాయమునకు గురియైనవారి హింసను కాదనుట కష్టము. చెల్చిట్స్కీ ఆ కష్టమునే ఎన్నుకొన్నారు. 1434లో లిపానీ వద్ద హస్ అనుచరులే రెండు పక్షములై ఒకరినొకరు చంపుకొన్నారు. కత్తి ఎక్కడికి దారితీయునో అందరికి తెలిసింది.

ప్రార్థించువారు, పోరాడువారు, కాయకష్టము చేయువారు అని సమాజమును మూడు తరగతులుగా విభజించుట ఆనాటి ఆచారము. క్రీస్తు శరీరములో ఇట్టి హెచ్చుతగ్గులకు తావులేదనియు, రైతును పీడించి బ్రతుకు హక్కు ఎవరికిని లేదనియు ఆయన వ్రాశారు. ‘విశ్వాసపు వల’ అను గ్రంథములో సంఘమును పేతురు వలతో పోల్చి, పోపు, చక్రవర్తి అను రెండు తిమింగలములు ఆ వలను చింపివేశాయని చూపించారు. విశ్వాసి పన్ను చెల్లించవలెను గాని పరిపాలన పదవి చేపట్టరాదని ఆయన తలంపు. ఇందులో మనము ఆయనతో ఏకీభవించకపోవచ్చును. అయినను మనుష్యులందరు సమానులను మాట, విశ్వాసమును బలవంతముగా రుద్దరాదను మాట ప్రజాస్వామ్యమునకు పునాదులే.

ఆయన 1460 ప్రాంతములో మరణించారు. ఆయన బోధవలన ప్రేరేపితులైనవారు 1457లో కున్వాల్డ్ గ్రామమున సహోదరుల సమాజమును స్థాపించారు. చెకొస్లొవేకియా మొదటి అధ్యక్షుడైన మసారిక్ ఈ సహోదరుల వారసత్వమును ఎంతో గౌరవించారు. టాల్‌స్టాయ్ దేవుని రాజ్యమునుగూర్చిన తన గ్రంథములో చెల్చిట్స్కీని పేర్కొన్నారు. దక్షిణాఫ్రికాలో ఆ గ్రంథమును చదివిన గాంధీగారిని అది బలముగా కదిలించింది. ఈ విధముగా ఒక పల్లెవాసి తలంపు మన దేశపు అహింసా మార్గమునకును తోడైనది.

ప్రియులారా, మనది సత్యపక్షమని తోచినప్పుడే బలప్రయోగపు శోధన ఎక్కువ. సంఘ తగవులలోనైనను, ఊరి తగవులలోనైనను, చేయి ఎత్తకముందు ఆయన అడిగిన ప్రశ్ననే మనమును అడుగుదము: దీనికి ప్రభువు ఆజ్ఞ ఎక్కడ ఉన్నది?