డాక్టరు మేరియా మాంటిస్సోరి

మాంటిస్సోరి యను పేరు మన తెలుగు పట్టణములలోని శిశుపాఠశాలల పలకలపై తఱచుగా కానవచ్చుచుండును. కాని ఆ పేరుగల విదుషీమణి యెవరో, ఆమె విద్యావిధానము మొదట నెట్టి బిడ్డల నడుమ పుట్టినదో యెఱిగినవారు కొలదిమందియే. ధనికుల బిడ్డలకొఱకు గాని, పరీక్షలలో ముందుండు బాలురకొఱకు గాని యది పుట్టలేదు. వీరికి చదువు రాదని లోకము త్రోసివేసిన పిల్లల మధ్య నది పుట్టినది. ఈ సంగతి మన విద్యార్థులును, వారి తల్లిదండ్రులును, ఉపాధ్యాయులును తెలిసికొనుట మేలని తలచి ఆమె చరిత్రమును సంగ్రహముగా నిచట వ్రాయుచున్నాము.

మేరియా మాంటిస్సోరి 1870వ సంవత్సరము ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశమునందు అంకోనా పట్టణ సమీపముననున్న కియారవల్లె యను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వోద్యోగి. తల్లి రెనిల్డె చదువునందు మిక్కిలి యాసక్తి గలది. 1875లో ఆ కుటుంబము రోము నగరమునకు వచ్చి స్థిరపడెను. ఆ కాలమున చదువుకొన్న యువతులకు ఉపాధ్యాయవృత్తియే తగినదని పెద్దల యభిప్రాయము. మేరియా అందు కొడబడక పదుమూడవ యేట సాంకేతిక పాఠశాలలో చేరి గణితము నభ్యసించెను. పిదప వైద్యవిద్యపై మనసు నిలిపెను. తండ్రికిది రుచింపలేదు. తల్లి మాత్రము వెన్నుదన్నుగా నిలిచెను. పురుష విద్యార్థులతో గూడి శవచ్ఛేదము చేయుట స్త్రీకి తగదని యెంచుటచే, అందఱును వెడలిపోయిన పిమ్మట ఆమె యొంటరిగా ఆ గదిలో పని చేయవలసివచ్చెను. అట్టి కష్టముల కోర్చి 1896లో వైద్యపట్టము పొందెను. ఇటలీలో నట్టి పట్టమందిన తొలి స్త్రీలలో నామె యొకతె.

పట్టము పొందినపిదప ఆమె రోము విశ్వవిద్యాలయమునకు చెందిన మానసిక వైద్యశాలలో పని చేసెను. ఆ పనిమీద నగరమునందలి పిచ్చియాసుపత్రులకు పోవుచుండగా, అచట పెద్దలతోపాటు మూయబడియున్న చిన్నపిల్లలు కంటబడిరి. మందబుద్ధులని నాటివారు వారికి పెట్టిన పేరు. వారియెదుట ఆటవస్తువొకటియు లేదు. ఒకచోట నా పిల్లలు భోజనమైన వెంటనే నేలబడిన రొట్టెతునుకలను ఏరుకొనుచుండగా, పరిచారిక దానిని తిండియాసగా నెంచి యసహ్యించుకొనెనని ఆమె చరిత్రకారులు చెప్పుదురు. మాంటిస్సోరికి తోచినది వేఱు. ఆ గదిలో చేతితో తాకుటకును, త్రిప్పి చూచుటకును ఆ తునుకలు తప్ప మఱేమియు లేవు. ఆ యాకలి కడుపుది కాదు, చేతులది.

ఇట్టి బిడ్డలకు పూర్వమెవరైన విద్య గఱపిరాయని ఆమె గ్రంథములను వెదకెను. ఫ్రాన్సు దేశపు వైద్యులిద్దఱు ఆమెకు గురువులైరి. మొదటివాడు ఇటార్. 1800 ప్రాంతమున అవేరాన్ అడవులలో దొరికిన మాటలురాని బాలునకు విక్టరని పేరిడి కొన్నియేండ్లు ఓర్పుతో విద్య నేర్పజూచినవాడు. రెండవవాడు ఆయన శిష్యుడగు సెగ్విన్. 1812లో పుట్టి 1880లో గతించిన ఈయన, కండరములకును ఇంద్రియములకును మొదట శిక్షణ మిచ్చి పిదప బుద్ధిని మేల్కొలుపు పద్ధతిని కనుగొనెను. ఈ యిరువురి రచనలను మాంటిస్సోరి తన చేతితో ఇటాలియను భాషలో ఆమూలాగ్రముగా వ్రాసికొనెను. ప్రతి వాక్యముయొక్క భావమును నిదానించి గ్రహింపవలెనని ఆమె యుద్దేశము.

1898లో ట్యూరిను నగరమున జరిగిన విద్యాసభలో, ఈ పిల్లల సమస్య వైద్యమునకంటె విద్యకు సంబంధించినదని ఆమె వాదించెను. 1900లో ఇట్టి పిల్లలకు చదువుచెప్పు ఉపాధ్యాయులను తయారుచేయుటకై రోములో నొక పాఠశాల స్థాపింపబడగా, ఆమె దాని నిర్వాహకులలో నొకతె యయ్యెను. ఉదయము ఎనిమిది గంటలనుండి రాత్రి యేడు గంటలవఱకు పిల్లలతోనే యుండి, పిదప కన్నవి విన్నవి వ్రాసికొనుచుండెను.

అక్కడ పదునొకండేండ్ల బాలిక యొకతె యుండెను. చేతులలో లోపమేమియు లేకున్నను ఎంత నేర్పినను కుట్టుపని రాలేదు. మాంటిస్సోరి సూదిని ప్రక్కనబెట్టించి, కాగితపు పట్టీలను ఒకటి పైకి ఒకటి క్రిందికి పోనిచ్చి చాపవలె నల్లు పనిని ఆ బాలిక కిచ్చెను. అల్లిక చక్కగా వచ్చినపిదప మరల సూది చేతికీయగా, ఆ బాలిక కుట్టగలిగెను. దీనివలన ఆమెకొక సూత్రము తెలిసెను. బిడ్డ యొకపని చేయలేకున్న ఆ పనినే మాటిమాటికి చేయుమని నిర్బంధింపరాదు. ఆ పనికి కావలసిన కదలికను మఱియొక సులభమైన పనిద్వారా చేతికి ముందుగా నలవాటు చేయవలెను. ఈ సూత్రమునే వ్రాతకును ఉపయోగించి, కొయ్యతో అక్షరములు చేయించి వ్రేలితో వానివెంబడి దిద్దించెను. వ్రాత నెఱుగకమునుపే చేయి వ్రాత మార్గమును నేర్చెను.

ఫలితము లోకమును ఆశ్చర్యపఱచెను. ఆ పిల్లలలో కొందఱు చదువ వ్రాయ నేర్చి, సామాన్య బాలురతో కలిసి పరీక్షకు కూర్చుండి కృతార్థులైరి. అందఱును ఆమెను కొనియాడుచుండగా, ఆమె మనసునందు మఱియొక ప్రశ్న మెదలుచుండెను. వెనుకబడినవారని పేరుపడిన వీరే యింత నేర్వగా, ఏ లోపమును లేని బాలురు మామూలు బడులలో వీరితో సమానముగా నుండుటకు కారణమేమి? వారి నెదుగనీయకుండ అడ్డుకొనుచున్నదేమి? లోకము విద్యార్థిని పరీక్షించుచుండగా, ఆమె పాఠశాలనే పరీక్షింప నారంభించెను.

1901లో ఆమె ఆ యుద్యోగమును విడిచి మరల విశ్వవిద్యాలయమున విద్యార్థినిగా చేరెను. 1907 జనవరి 6వ తేదీన రోములో పేదలు నివసించు సాన్ లొరెంజో పేటయందు, కూలిపనులకు పోవువారి బిడ్డలకై మొదటి శిశుగృహము నామె తెఱచెను. మూడునుండి ఆఱేండ్ల లోపు పిల్లలు సుమారు 50 మంది చేరిరి. వెనుకబడిన బిడ్డలకై సిద్ధపఱచిన యుపకరణములే వీరిచేతికిని వచ్చెను. తగిన రంధ్రములలో నమర్చు కొయ్యదిమ్మెలు, బొత్తాములు పెట్టుటను ముడులు వేయుటను నేర్పు చట్రములు అట్టివి. కొయ్యయక్షరములు చేయించుట సాగకపోగా గరుకు కాగితమును అక్షరములుగా కత్తిరించి అట్టపై నంటించెను. ఇవి తక్కువ వ్యయముతో నింకను మంచి ఫలమిచ్చెను. 1909లో ఆమె ప్రకటించిన గ్రంథము అనతికాలములోనే పెక్కుభాషలలోనికి పోయెను.

తరువాతి జీవితము దేశాటనములతో నిండినది. ముస్సోలినీ ప్రభుత్వము మొదట ఆమె పాఠశాలలకు ఆదరణ చూపినను, పొత్తు చెడుటచే పిదప అవి ఇటలీలో మూతబడెను. 1936లో స్పెయినులో అంతర్యుద్ధము చెలరేగగా ఆమె హాలెండునకు చేరెను. 1939లో తన యరువదితొమ్మిదవ యేట దివ్యజ్ఞానసమాజమువారి యాహ్వానముపై మద్రాసునందలి అడయారునకు వచ్చెను. ఆనాడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలకుగూడ మద్రాసే రాజధాని. ఆమె తొలి శిక్షణ తరగతులలో దాదాపు 300 మంది చేరిరి. 1940లో ఇటలీ యుద్ధమున దిగగా, ఆమె కుమారుడగు మారియోను ఆంగ్ల ప్రభుత్వము నిర్బంధమున నుంచెను. ఆమెకును రాకపోకలపై కట్టడి విధించెను. ఆమె డెబ్బదవ జన్మదినమున కుమారుడు విడుదలయ్యెను. కొడైకెనాలులో గూడ కొంతకాలము పని చేసి, యుద్ధానంతరము 1946లో యూరపునకు తిరిగిపోయెను. మరుసటి యేడు మరల భారతదేశమునకు వచ్చెను. 1952 మే 6వ తేదీన హాలెండులోని నూర్డ్‌వైక్ గ్రామమున తనువు చాలించెను.

ఆమె గతించినపిమ్మట శాస్త్రము చాల ముందునకు సాగినది. నాడు మందబుద్ధియను నొక్కమాటతో త్రోసివేయబడిన బిడ్డలు పలువిధములవారని నేడు తెలియుచున్నది. ఆటిజము గలవారిలో పలువురకు ధ్వనులును వెలుగులును భరింపరానివగును. దినచర్య మారిన కలత పుట్టును. ఏ.డి.హెచ్.డి. గలవారికి మనసొకచోట నిలువదు, శరీరము కదలిక కోరును. డిస్లెక్సియా గలవారికి తెలివికి కొఱతలేకున్నను అక్షరములు వశముకావు. మెదడు పనిచేయు తీరు పలువురికంటె భిన్నమైన ఇట్టివారిని న్యూరోడైవర్జెంట్ అని నేడు పిలుచుచున్నారు. వీరిని వేఱుగా నుంచక తక్కిన బాలురతోడనే చదివించుటను సమ్మిళిత విద్య యందురు. జర్మనీ దేశమున మ్యూనిక్ నగరములో డాక్టరు హెల్‌బ్రూగె 1968 తరువాత మాంటిస్సోరి పద్ధతిపై ఇట్టి విద్యను నెలకొల్పెను. మన దేశమున 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును, చదువులో కలుగు ప్రత్యేకావరోధములను గుర్తించి సమ్మిళిత విద్యను విధించినది.

మాంటిస్సోరి తరగతి ఇందుకు అనుకూలించుటకు కారణములు కలవు. మూడేండ్ల వయోభేదముగల పిల్లలు ఒకే గదిలో కూర్చుందురు. ఎవరి పని వారిది. అందఱు నొకేపుట తెఱవవలెనను నియమము లేదు గనుక నెమ్మదిగా నేర్చువాడు పదిమందిలో వేఱుగా కానబడడు. వస్తువును తెచ్చుట, చాప పఱచుట, మరల యథాస్థానమున నుంచుట పాఠములో భాగములే గనుక, కదలక కూర్చుండలేని బాలునకు కదలిక తప్పుకాదు. ప్రతివస్తువునకు నొక చోటుండుటచే క్రమమును కోరు బిడ్డకు ధైర్యము కలుగును. గరుకు అక్షరమును వ్రేలు తాకును, కన్ను చూచును, చెవి వినును. ఒకదారి మూసినను మఱియొకటి తెఱచియుండును. కొయ్యదిమ్మె తప్పు రంధ్రమున పట్టదు. తప్పును కొయ్యయే తెలుపును గనుక పదుగురియెదుట మందలింపు అక్కఱలేదు.

అయినను ఉపకరణములుంచినంతనే సర్వమును సిద్ధించునని తలపరాదు. మాంటిస్సోరి స్వయముగా నీభేదమును గుర్తించెను. సామాన్యశిశువును వస్తువు తానే పిలిచి నేర్పుకొనును. వెనుకబడిన బిడ్డకు అదే వస్తువు విద్యకు వీలు కల్పించును గాని, వానిని చేయిపట్టి నడపువారు కావలెను. కావున పలువస్తువులను చూచి తికమకపడు బిడ్డయెదుట ఉపాధ్యాయిని రెండుమాత్ర మునిచి ఎంచుకొననీయవలెను. దినచర్యను బొమ్మలలో చూపవలెను. సందడి భరింపలేనివానికి గదిలో నొక నెమ్మదియైన మూల యుండవలెను. వైద్యులయు, మాటలు నేర్పు నిపుణులయు సలహా గైకొనవలెను. ఒకనాడు రాని పాఠమును ఆనాటికి విడిచి, మఱునాడు చిఱునవ్వుతో మొదలిడవలెను.

విద్యార్థులారా, మీ ప్రక్క కూర్చుండువాడు అక్షరములను తారుమారు చేసినను, బల్ల విడిచి లేచినను, గంట మ్రోగినపుడు చెవులు మూసికొన్నను నవ్వకుడు. నేడు లోకమందలి పసిబిడ్డలు ఇష్టముగా చేతబట్టు కొయ్యదిమ్మెలును గరుకు అక్షరములును ఒకప్పుడట్టి పిల్లలవలన లభించినవే. తల్లిదండ్రులారా, మీ బిడ్డకు సూది పట్టుబడకున్న ముందుగా నల్లికకు చోటున్నదని నమ్ముడు. వెనుకబడినవారిని ఇతరులతో కలుపుట మనము చేయు దయ యని కొందఱందురు. మేరియా మాంటిస్సోరి చరిత్రమును చదివినపిదప, అది తీర్పవలసిన ఋణమని మేము తలంచుచున్నాము.