జీతం కోరని కుంచె: చిత్రకారుడు దామెర్ల రామారావు జీవితం

చిత్రకళను నమ్ముకున్నవాడు బొంబాయికో కలకత్తాకో చేరి అక్కడే నిలదొక్కుకోవాలని అందరూ అనుకునే రోజులవి. అటువంటి కాలంలో బొంబాయిలో విద్య ముగించుకొని, కొలువుల కోసం చూడకుండా గోదావరి తీరానికి తిరిగి వచ్చిన యువకుడు దామెర్ల రామారావు. స్వతంత్ర చిత్రకారునిగా ఆయనకు దక్కిన కాలం అయిదేళ్లు మాత్రమే. ఆధునిక ఆంధ్ర చిత్రకళకు ఆద్యులలో ఒకరిగా ఆయన పేరు నిలవడానికి ఆ కొద్ది కాలమే సరిపోయింది.

వంతెన మొదలైన ఏడాది

రామారావు 1897 మార్చి 8న రాజమహేంద్రవరంలో జన్మించారు. అదే ఏడాది నవంబరులో ఆ ఊరి వద్ద గోదావరిపై తొలి రైలు వంతెన నిర్మాణం ఆరంభమైంది. 1900లో వంతెనపై రైళ్లు నడిచాక మద్రాసు, కలకత్తా నగరాల మధ్య ప్రయాణం సుగమమైంది. తన ఊరిలోనే ఉండి చిత్రించి, వాటిని దూర నగరాల ప్రదర్శనలకు పంపించే అవకాశం ఒక చిత్రకారునికి ఏర్పడిందంటే అందులో ఆ రైలు మార్గానికీ భాగముంది.

బాల్యం నుంచీ ఆయనకు బొమ్మలు గీయడంపైనే మక్కువ. ఆ మక్కువకు విలువ కట్టగలిగిన వ్యక్తి ఆ ఊరి ప్రభుత్వ ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ జెన్నింగ్స్ కూల్డ్రే. ఆయన ఆంగ్లేయుడు, స్వయంగా కవి, చిత్రకారుడు. పాఠాలకే పరిమితం కాకుండా విద్యార్థులను వెంటబెట్టుకొని గోదావరి గట్టుపై చిత్రించేవారు, వారికి అజంతా కుడ్యచిత్రాల గొప్పదనం తెలియజెప్పేవారు. అడివి బాపిరాజు, వరదా వెంకటరత్నం, కవికొండల వెంకటరావు ఆ శిష్యబృందంలోని వారే. వారిలో ఒకరు నవలాకారునిగా, ఒకరు కవిగా కూడా పేరు పొందారు. రామారావు మాత్రం కుంచెనే జీవితం చేసుకున్నారు.

బొంబాయి చదువు

కూల్డ్రే ప్రోత్సాహంతో, ఆయన చేయూతతో రామారావు 1916లో బొంబాయిలోని సర్ జె.జె. కళాపాఠశాలలో చేరారు. 1857లో స్థాపితమైన ఆ సంస్థలో ఐరోపా పద్ధతిలో శిక్షణ ఇచ్చేవారు. శరీర నిర్మాణం, వెలుగునీడలు, దూరదర్శనం, తైలవర్ణాల వాడుక అక్కడి పాఠ్యాంశాలు. రామారావు 1920లో ప్రథమ శ్రేణి విద్యార్థిగా బయటికి వచ్చారు. గుజరాత్, కాఠియవాడ్ ప్రాంతాలలో పర్యటించి అక్కడి మనుషులను, వేషధారణను, పనిపాటలను చిత్రించారు. అప్పటికే వినికిడి లోపం బాధిస్తున్న కూల్డ్రే ఉద్యోగం విడిచి ఇంగ్లండుకు తిరిగి వెళ్లిపోయారు. శిష్యుడు ఇక తన దారి తానే వేసుకోవలసి వచ్చింది.

జీతం లేని దారి

చిత్రకళ నేర్చిన తెలుగు యువకునికి ఆనాడు కనిపించే జీవనోపాధులు కొన్నే. పాఠశాలలో డ్రాయింగు మాస్టరు కావచ్చు. సంస్థానాధీశుల రూపచిత్రాలు వేయవచ్చు. నాటక సమాజాలకు తెరలు చిత్రించవచ్చు, ఫొటో స్టూడియోలో రంగులు అద్దవచ్చు. గోడకు పటం కావాలనుకున్న గృహస్థుకు రవివర్మ ముద్రణాలయపు అచ్చుబొమ్మలు తక్కువ ధరకే దొరికేవి. తనకు తోచినది తన తీరులో చిత్రించి, దానినే వృత్తిగా నిలుపుకోవాలనుకునేవాడికి తెలుగునాట ప్రదర్శనశాల గానీ, చిత్రాలు కొనే అలవాటున్న వర్గం గానీ లేవు.

ఈ లోటును రామారావు రెండు విధాల ఎదుర్కొన్నారు. మొదటిది, చిత్రాలను దేశంలోని పెద్ద ప్రదర్శనలకు పంపడం. అక్కడ లభించే బహుమతి ధనంతోపాటు గుర్తింపునూ తెచ్చేది. రెండవది, చిత్రం విలువ తెలిసిన సమాజాన్ని సొంత ఊరిలోనే తయారు చేయడం. బొంబాయిలో ఉండిపోతే మొదటిది మరింత సులభమయ్యేది. రెండవది మాత్రం రాజమహేంద్రవరంలో ఉంటేనే సాధ్యపడేది.

రెండు బాటల నడుమ

అప్పటి భారతీయ చిత్రకళలో రెండు ధోరణులు బలంగా ఉండేవి. కంటికి కనిపించే వాస్తవాన్ని ఐరోపా పద్ధతిలో చూపేది బొంబాయి బాట. అవనీంద్రనాథ్ ఠాకూర్ నాయకత్వాన అజంతా, మొఘల్, జపాను రీతులను కలుపుకొని, పలుచని రంగు పూతలతో స్వప్నమయ లోకాన్ని సృష్టించేది బెంగాల్ బాట. మచిలీపట్నంలోని ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోద కుమార ఛటోపాధ్యాయ శిక్షణ ద్వారా ఈ రెండవ బాట ఆంధ్రదేశంలోనూ ప్రవేశించింది. బాపిరాజు అటువైపు నడిచారు.

రామారావు రెండింటిలో ఏ ఒక్కదానికీ లొంగలేదు. శరీర నిర్మాణంలో బొంబాయి క్రమశిక్షణను నిలుపుకున్నారు. రేఖ సొగసును, మనుషులను గుంపుగా కూర్చే లయను అజంతా నుంచి గ్రహించారు. ఈ రెండింటినీ తాను చూసిన నేలకు అన్వయించారు. ఆయన స్త్రీమూర్తులు ఆంధ్రుల కట్టుబొట్టుతో, ఛామన మేనిఛాయతో కనిపిస్తారు. గోదావరి నీరు, పాపికొండల వైపు కదిలే నీలినీడలు, బావి వద్దకు చేరిన పల్లెపడుచులు, పూలు ముడుచుకునే యువతులు ఆయన చిత్రవస్తువులు. ‘పుష్పాలంకరణ’, ‘సిద్ధార్థ రాగోదయం’ వంటి చిత్రాలలో ఈ సమన్వయం స్పష్టంగా తెలుస్తుంది.

ఋష్యశృంగుని బంధనం

1922లో కలకత్తాలో ఇండియన్ సొసైటీ ఆఫ్ ఓరియంటల్ ఆర్ట్ నిర్వహించిన ప్రదర్శనలో ఆయన చిత్రం ‘ఋష్యశృంగ బంధనం’ వైస్రాయి బహుమతి గెలుచుకుంది. అడవిలో పెరిగి స్త్రీని ఎరుగని మునికుమారుణ్ని అంగదేశానికి రప్పించడానికి వారాంగనలు వలపన్నే పురాణగాథ దానికి ఆధారం. 1907లో స్థాపితమైన ఆ సంస్థ బెంగాల్ ధోరణికి కేంద్రస్థానం. బొంబాయిలో చదివి, రాజమహేంద్రవరంలో నివసించే చిత్రకారునికి అక్కడ అగ్రస్థానం దక్కడం విశేషమే. 1924లో లండన్ సమీపంలోని వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శనలోనూ ఆయన చిత్రాలకు చోటు లభించింది.

ఆ గుర్తింపును ఆయన తన ఒక్కరి ఎదుగుదలకే వాడుకోలేదు. 1923లో రాజమహేంద్రవరంలో భారతీయ కళల కోసం ఒక ఆంధ్ర సంఘాన్ని స్థాపించారు. చిత్రప్రదర్శన ఏర్పాటు చేసి, ఇతర ప్రాంతాల కళను తెలుగువారి ముంగిటికి తెచ్చారు. యువకులకు శిక్షణ ఇచ్చారు. ఆయన భార్య సత్యవాణి, సోదరి దిగుమర్తి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టి చిత్రకారిణులుగా పేరు పొందారు. గృహిణులు చిత్రకళ అభ్యసించడం అరుదైన ఆ కాలంలో అది చిన్న విషయం కాదు. 1924 జనవరిలో కాశీనాథుని నాగేశ్వరరావు ‘భారతి’ మాసపత్రికను ఆరంభించారు. వర్ణచిత్రాలను అచ్చు వేసే ఇటువంటి పత్రికలతో తెలుగు పాఠకులు చిత్రాన్ని చూడడం అలవరచుకుంటున్న తరుణమది.

మశూచి

ఆ తరుణంలోనే రామారావుకు మశూచి సోకింది. 1925 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. మరో నెల గడిచి ఉంటే ఆయనకు 28 ఏళ్లు నిండేవి. భారతదేశంలో మశూచి చివరి కేసులు 1975లో నమోదయ్యాయి. అంటే ఆయనను బలిగొన్న వ్యాధిని దేశం వదిలించుకోవడానికి మరో అర్ధ శతాబ్దం పట్టింది. ఆయన తర్వాతి తరానికి చెందిన అమృతా షేర్‌గిల్ సైతం 28 ఏళ్లకే, 1941లో మరణించారు. ఐరోపా శిక్షణను భారతీయ జీవితంతో మేళవించే ప్రయత్నంలో ఆమెకు దక్కిన దేశవ్యాప్త ఖ్యాతి, అదే ప్రయత్నాన్ని దశాబ్దం ముందే చేసిన రామారావుకు తెలుగునేల వెలుపల దక్కలేదు.

మిగిలిన చిత్రశాల

యువకునిగా మరణించిన చిత్రకారుల కృతులు చెల్లాచెదురు కావడం సర్వసాధారణం. రామారావు విషయంలో అలా జరగకపోవడానికి సత్యవాణి, సహాధ్యాయి వరదా వెంకటరత్నం కారణం. ఆయన పేరిట చిత్రశాలను, కళాపాఠశాలను నిలబెట్టి, చిత్రాలను ఒక్కచోట భద్రపరిచారు. వెంకటరత్నం దశాబ్దాల పాటు అక్కడ శిష్యులను తీర్చిదిద్దారు. తదుపరి ప్రభుత్వ నిర్వహణలోకి వచ్చిన ఆ చిత్రశాలలో ఆయన తైలవర్ణ చిత్రాలను, నీటిరంగుల చిత్రాలను, పెన్సిల్ రేఖాచిత్రాలను నేటికీ చూడవచ్చు. నీటిరంగులు వెలుతురుకు, తేమకు త్వరగా పాడవుతాయి. గోదావరి గాలిలో నూరేళ్లు దాటిన ఆ కాగితాలకు నిరంతర సంరక్షణ అవసరం.

రైల్వే ఉద్యోగాల వెంట వెళ్లి ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్, బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ వంటి పట్టణాలలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. మహానగరపు గ్యాలరీలకు దూరంగా అటువంటి చోట్ల రంగులు పట్టుకున్న యువతీయువకులకు రామారావు జీవితం నేటికీ పనికివచ్చే ఉదాహరణ. ఆయన ఊరు విడవకుండానే దేశంతో పోటీ పడ్డారు. గెలుచుకున్న పేరును మళ్లీ ఊరికే పెట్టుబడిగా పెట్టారు. చిత్రకారుడు ఒంటరిగా స్వతంత్రుడు కాలేడనీ, చూసేవారిని, నేర్చుకునేవారిని, కాపాడేవారిని కూడా తయారు చేసుకున్నప్పుడే అతని పని అతని తర్వాతా నిలుస్తుందనీ రాజమహేంద్రవరంలోని ఆ చిత్రశాల రుజువు చేస్తోంది.