లోపలి ప్రతిధ్వని విన్న వైద్యుడు – డాక్టర్ ఇయాన్ డొనాల్డ్

కుండ కొనేటప్పుడు మా అమ్మ దాన్ని ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, కుడిచేతి వేలికణుపుతో కొట్టి చూస్తుంది. కంగుమంటే తీసుకుంటుంది. బొంగురుగా పలికితే పక్కన పెట్టేస్తుంది. బీట కంటికి కనపడకపోయినా చెవికి దొరికిపోతుంది. ఆడవాళ్ళ కడుపులోని జబ్బుని కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో పట్టవచ్చునని తలచి, సాధించి చూపిన ఒక మహనీయుని గురించి నాలుగు మాటలు రాయాలనుకున్నాను. ఆయన పేరు డాక్టర్ ఇయాన్ డొనాల్డ్.

ఆయన మీద నాకింత అభిమానం కలగడానికి మా ఇంట్లోనే ఒక కారణం ఉంది. మా పెద్దమ్మ చిన్నతనంలోనే భర్తను పోగొట్టుకుని, మాతోనే ఉంటూ పొలం పనులు చూసుకునేది. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా ఆమెకి పొట్ట పెరగడం మొదలైంది. ఒకరు జలోదరమన్నారు, ఇంకొకరు చేతబడి అన్నారు. నీళ్ళరేవు దగ్గర మరో మాట కూడా అనుకున్నారు. భర్త లేని మనిషికి కడుపు పెరిగితే ఊరు ఏమనుకుంటుందో నేను విడమరచి చెప్పనక్కరలేదు. ఆమె పొలానికి రావడం మానేసింది. తర్వాత అన్నం తినడమూ తగ్గించేసింది. మిగతా సంగతి తర్వాత చెబుతాను.

డొనాల్డ్ 1910 డిసెంబరు 27న ఇంగ్లండులోని కార్న్‌వాల్ ప్రాంతంలో, స్కాట్లండుకు చెందిన వైద్యుల కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే కుటుంబం దక్షిణాఫ్రికాకు తరలిపోయింది. అక్కడ తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. తిరిగి లండను చేరి, సెయింట్ థామస్ ఆసుపత్రిలో చదివి 1937లో డాక్టరయ్యారు. రెండో ప్రపంచయుద్ధంలో వైమానికదళ వైద్యుడిగా పనిచేశారు. మంటల్లో చిక్కుకున్న విమానంలోకి వెళ్ళి మనుషుల్ని బయటికి లాగినందుకు ప్రభుత్వం ఆయన్ని సత్కరించింది. అయితే ఆ యుద్ధంలో ఆయనకు దొరికిన అసలైన సొత్తు వేరే ఉంది. రాడారూ, సోనారూ ఎలా పనిచేస్తాయో ఆయన అక్కడ తెలుసుకున్నారు. నీటి అడుగున దాక్కున్న జలాంతర్గామిని ప్రతిధ్వనితో పట్టే విద్య అది.

1954లో ఆయన గ్లాస్గో యూనివర్సిటీలో ప్రసూతిశాస్త్ర ప్రొఫెసరయ్యారు. ఆ రోజుల్లో కడుపులో గడ్డ ఉందంటే డాక్టరుకి చేతివేళ్ళే దిక్కు. అది నీటితిత్తా, గట్టి కండా, కాన్సరా, గర్భమా అన్నది చాలాసార్లు పొట్ట కోస్తే గాని తేలేది కాదు. మెత్తటి కండను ఎక్సురే సరిగా చూపలేదు. పైగా గర్భిణికి ఎక్సురే తీస్తే పుట్టే బిడ్డకి కాన్సరు ముప్పు పెరుగుతుందని డాక్టర్ ఆలిస్ స్టువార్ట్ 1956లో బయటపెట్టారు.

గ్లాస్గో అంటే ఓడలూ బాయిలర్లూ తయారయ్యే ఊరు. ఇనుములోని పగుళ్ళని కనిపెట్టడానికి అక్కడి ఫ్యాక్టరీలలో అతిధ్వని యంత్రాలు వాడేవారు. అతిధ్వని అంటే సెకనుకు 20,000 కంపనాలు దాటిన, మన చెవికి అందని శబ్దం. బాబ్‌కాక్ అండ్ విల్‌కాక్స్ అనే బాయిలర్ల కంపెనీలోని ఒక డైరెక్టరు భార్యకు డొనాల్డ్ వైద్యం చేసి ఉన్నారు. ఆ పరిచయంతో 1955 జులై 21న, ఆపరేషన్లలో తీసిన గడ్డల్ని కార్లలో వేసుకుని ఆ కంపెనీకి వెళ్ళారు. పోల్చి చూడటానికి వాళ్ళు ఒక పెద్ద మాంసపు ముక్కని సిద్ధంగా ఉంచారు. ఫలితం ఆయన ఆశించిన దానికంటే బాగుంది. నీటితిత్తిలో శబ్దం అడ్డులేకుండా సాగిపోయి అవతలి గోడ దగ్గర మాత్రమే ప్రతిధ్వనిస్తోంది. గట్టి గడ్డలోనైతే దారి పొడుగునా చెదిరి, క్షీణించిపోతోంది. అంటే లోపల ఏముందో కొయ్యకుండానే చెప్పగల ఆనవాలు దొరికిందన్నమాట.

తర్వాత టామ్ బ్రౌన్ అనే కుర్ర ఇంజనీరు ఈ సంగతి విని, తానే ఫోను చేసి వచ్చి కలిశాడు. డాక్టర్ జాన్ మెక్‌వికార్ మూడోవాడు. మొదట్లో వీళ్ళని చూసి నవ్వినవాళ్ళే ఎక్కువ. అప్పుడొక స్త్రీ వచ్చింది. పొట్ట బాగా ఉబ్బి ఉంది. కడుపులో కాన్సరు, ఇక ఆపరేషనుకి లాభం లేదని పెద్ద డాక్టర్లు తేల్చేశారు. డొనాల్డ్ యంత్రం మాత్రం అది పెద్ద నీటితిత్తి అని చూపింది. కోసి చూస్తే అండాశయం మీద పెరిగిన తిత్తే, కాన్సరు కాదు. తీసేశారు, ఆమె బతికింది. ఆ తర్వాత నవ్వులు తగ్గాయి. 1958 జూన్ 7న లాన్సెట్ పత్రికలో ముగ్గురి వ్యాసం వచ్చింది.

మా పెద్దమ్మ కథ కూడా అచ్చం ఇదే. మా నాన్న ఆమెను టౌనుకి తీసుకెళ్ళారు. పొట్ట మీద చల్లటి జెల్లీ రాసి పావుగంట చూశారు. అండాశయం మీద తిత్తి అని తేలింది. ఆపరేషను చేశారు. ఈ సంక్రాంతికి మా ముగ్గుల్లో సగం ఆమె వేసినవే. తిత్తిని డాక్టరు తీశాడు. ఊరు వేసిన నిందని మాత్రం ఆ ప్రతిధ్వనే తుడిచింది.

గర్భిణుల విషయంలో డొనాల్డ్ బృందం మరింత ముందుకి పోయింది. పిండం తల కొలిచి ఎదుగుదల తెలుసుకున్నారు. కవలల్ని, మాయ అడ్డుగా ఉన్న ప్రమాదాన్ని ముందే పట్టారు. మూత్రాశయం నిండుగా ఉంటే పేగులు పక్కకి తప్పుకుని, తొలివారాల పిండం కూడా కనిపిస్తుందని గ్రహించారు. స్కానింగుకి ముందు నీళ్ళు తాగమనేది అందుకే. ఆయన దగ్గర పనిచేసిన స్టువార్ట్ కాంప్‌బెల్, తల పైభాగం ఏర్పడని పిండాన్ని 17 వారాలకే గుర్తించినట్లు 1972లో ప్రకటించారు. నేడు 11 నుంచి 14 వారాల మధ్య బిడ్డ మెడ వెనక నీటిపొర మందం కొలుస్తారు, అయిదో నెలలో టిఫా స్కాను చేస్తారు. ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మెడ వెనక పొర మందంగా ఉంటే అది సూచన మాత్రమే, తీర్పు కాదు. నిర్ధారణకి వేరే పరీక్షలు కావాలి.

ఆ యంత్రం చూపిన దానితో మనుషులు ఏం చేస్తారన్నది డొనాల్డ్‌ని చివరిదాకా బాధించింది. 1967 నాటి బ్రిటిష్ గర్భస్రావ చట్టాన్ని ఆయన గట్టిగా వ్యతిరేకించారు. ఆ విషయంలో ఆయనతో ఏకీభవించనివాళ్ళు చాలామందే ఉన్నారు. కాని మన దేశంలో జరిగినదానికి సిగ్గుపడనివారు ఉండకూడదు. అదే యంత్రంతో ఆడపిల్లని వెతికి చంపారు. అందుకే 1994లో లింగనిర్ధారణ నిషేధ చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. ప్రతి స్కానింగు సెంటరులో ఆ నిషేధం బోర్డు వేలాడుతూనే ఉంది. అయినా మా అక్క స్కానింగు నుంచి ఇంటికి రాగానే వాకిట్లో అడిగిన మొదటి ప్రశ్న బిడ్డ బాగుందా అని కాదు, ఎవరట అని.

డొనాల్డ్ గుండెజబ్బుతో పలుమార్లు ఆపరేషన్లు చేయించుకుంటూనే పనిచేసి, 1976లో రిటైరయ్యారు. 1987 జూన్ 19న కన్నుమూశారు.

మన కాలేజీలో ఫిజిక్సు లాబుకీ మా జువాలజీ లాబుకీ మధ్య ఒక్క వరండాయే అడ్డం. మూడేళ్ళలో నేను దాన్ని దాటింది రెండుసార్లు, అదీ ఫీజు రసీదు కోసం. ఒక వైద్యుడు బాయిలర్ల ఫ్యాక్టరీ గుమ్మం ఎక్కాడు కాబట్టే మా పెద్దమ్మ బతికింది. వచ్చే ఏటి జూనియర్లయినా ఆ వరండా దాటాలని నా కోరిక.