రాల్ఫ్ టీటర్

అమెరికా దేశమున ఇండియానా రాష్ట్రమందు హేగర్స్‌టౌన్ అను చిన్న పట్టణము కలదు. రాల్ఫ్ టీటర్ 1890వ సంవత్సరము ఆగస్టు 17వ తేదీన అచ్చట జన్మించెను. అతని కుటుంబమువారు యంత్రపు పనులయందు ఆరితేరినవారు. రైలుపట్టాలపై నడచు చిన్న తనిఖీ బండ్లను వారు తమ కార్ఖానాలో తయారుచేయుచుండిరి.

ఐదేండ్ల ప్రాయమున రాల్ఫునకు గొప్ప ఆపద సంభవించెను. చేతిలోని కత్తి జారి అతని కంటికి తగిలెను. కొలది కాలములోనే రెండవ కంటిచూపు కూడ పోయెను. తలిదండ్రులు మిక్కిలి దుఃఖించిరి. కాని కుమారుని నిస్సహాయునిగ పెంచరాదని నిశ్చయించుకొనిరి. తోడి బాలురు చేయు పనులకు అతనిని ఎన్నడును దూరము చేయలేదు. బాలుడు కార్ఖానాలో తిరుగుచు, పనిముట్లను చేతులతో తడవి వాని తీరును గ్రహించుచుండెను. పండ్రెండేండ్ల వయస్సున బంధువుల బాలునితో గూడి ఒక మోటారుబండినే నిర్మించెను!

ఇంజనీరు కావలెనని అతని కోరిక. చూపులేని విద్యార్థిని చేర్చుకొనుటకు కొన్ని కళాశాలలు అంగీకరింపలేదు. అతడు నిరాశ చెందక పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున చేరి, 1912లో పట్టము పొందెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున యుద్ధనౌకల ఆవిరి టర్బైన్లు సమతూకము కుదరక అదరుచుండెను. టీటర్ తన వ్రేళ్ల స్పర్శజ్ఞానముతో లోపమును కనుగొని, దానిని సరిచేయు మార్గమును చూపెను. 1936లో అమెరికా మోటారు ఇంజనీర్ల సంఘమునకు ఆయన అధ్యక్షుడయ్యెను.

ఆయన ఒకనాడు తన న్యాయవాది నడపు కారులో ప్రయాణించుచుండెను. ఆ మిత్రుడు మాటలాడునపుడు కారు వేగము తగ్గుచు, వినునపుడు పెరుగుచు ఉండెనట. ఆ కుదుపులు టీటరును ఆలోచింపజేసెను. రెండవ ప్రపంచయుద్ధకాలమున టైర్లను, పెట్రోలును పొదుపు చేయుటకై ప్రభుత్వము గంటకు 35 మైళ్ల వేగపరిమితిని విధించెను. వేగము నిలకడగ నుండిన ప్రయాణము క్షేమమని ఆయన తలచెను.

పెక్కేండ్లు శ్రమించి, 1950లో ఆయన ఒక వేగ నియంత్రణ సాధనమునకు పేటెంటు పొందెను. నడపువాడు తనకు కావలసిన వేగమును ముందుగ నిర్ణయించుకొనును. కారు ఆ వేగమును అందుకొనగానే యాక్సిలరేటరు అతని పాదమును ఎదురొత్తి హెచ్చరించును. పిమ్మట పాదము తీసినను అదే వేగము నిలుచునట్లు టీటర్ దానిని అభివృద్ధి చేసెను. 1958 నమూనా కార్లలో క్రైస్లర్ సంస్థ దానిని ప్రవేశపెట్టెను. అదియే నేడు క్రూయిజ్ కంట్రోల్ అని ప్రసిద్ధి చెందినది. నేటి కార్లలో కొన్ని రాడారు సాయమున ముందు బండికిని తమకును గల దూరమును గమనించి, వేగమును తామే తగ్గించుకొనును. అయినను త్రోవపై దృష్టి నిలుపవలసిన బాధ్యత నడపువానిదే.

టీటర్ 1982లో తన 91వ ఏట మరణించెను. జీవితమున రహదారిని చూచి కారు నడపుభాగ్యము ఆయనకు లేదు. అట్టివాడు కోట్లకొలది చోదకులకు ఉపకరించు సాధనమును ఒసగెను. చూపు పోయినను, అవయవలోపము ఆయన ఆలోచనకు అడ్డు కాజాలకపోయెను.