కువైట్ ఎడారిలో మరో షేక్‌స్పియర్

షేక్‌స్పియర్ అనగానే మనలో చాలామందికి కాలేజీ రోజుల ఇంగ్లీషు పాఠం, గైడులోంచి బట్టీపట్టిన సారాంశం, పరీక్ష హాల్లో పట్టిన చెమట గుర్తుకొస్తాయి. నేను చెప్పబోయేది ఆ మహాకవి గురించి కాదు. ఈ షేక్‌స్పియర్ ఒక్క నాటకమూ రాయలేదు. ఇంగ్లీషులో ఆయన ఇంటిపేరు చివర ఉండాల్సిన 'ఇ' అక్షరం కూడా లేదు. పంజాబులో పుట్టి, బొంబాయిలో ఎలుకలు పట్టించి, కువైట్‌లో డేగలు పెంచి, 36 ఏళ్ళకే అరేబియా ఎడారిలో ప్రాణం వదిలిన సైనికుడు. పేరు కెప్టెన్ విలియం హెన్రీ ఇర్విన్ షేక్‌స్పియర్.

ఆయనతో నా పరిచయం ఒక చలికాలపు రాత్రి మొదలైంది. నేను షువైఖ్‌లో పనిచేసే సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. కువైట్ అంటే యాభై డిగ్రీల ఎండే అనుకునే మిత్రులకు ఇక్కడి డిసెంబరు గురించి చెబితే నమ్మరు. మనకు ధనుర్మాసం ఎలాగో వీళ్ళకు మర్బానియా అలాగ. డిసెంబరు మొదటివారంలో మొదలై నలభై రోజులపాటు వణికించే చలి. నవంబరు మధ్యనుంచి మార్చి మధ్యదాకా ఎడారిలో గుడారాలు వేసుకోవడానికి ప్రభుత్వం అనుమతి ఇస్తుంది. ఆ రోజుల్లో షువైఖ్ ఇండస్ట్రియల్ ఏరియా దుకాణాల ముందు గుడారాలు, జనరేటర్లు, బొగ్గుల బస్తాలు, టీ కెటిళ్ళు గుట్టలుగా పోసి ఉంటాయి. గురువారం సాయంత్రమైతే ఊరు ఊరంతా ఎడారి దారి పడుతుంది.

మా ఆఫీసులో ఒక కువైటీ మిత్రుడికి డేగల పిచ్చి. ఆయన క్యాంపులో మంట చుట్టూ కూర్చున్నప్పుడు ఫోనులో ఒక పాత ఫోటో చూపించాడు. సౌదీ అరేబియా స్థాపకుడు ఇబ్న్ సౌద్ మొట్టమొదటి ఫోటో అది. 1910లో కువైట్‌లో తీసింది. తీసినవాడి పేరు అడిగితే షేక్‌స్పియర్ అన్నాడు. నేను వేళాకోళం అనుకున్నాను. ఆ తర్వాత దొరికిందల్లా చదివాను. ఆ కథ మీతో పంచుకోవాలని ఈ వ్యాసం.

షేక్‌స్పియర్ 1878 అక్టోబరు 29న పంజాబులో పుట్టాడు. చదువు ఇంగ్లండులో. శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాల నుంచి 1898లో ఆఫీసరుగా బయటికొచ్చి మళ్ళీ ఇండియాకే చేరాడు. బొంబాయిని అప్పుడు ప్లేగు పీడిస్తోంది. కుర్ర ఆఫీసరుకు అప్పగించిన పని ఎలుకల నిర్మూలన. ఆ పనిలో మంచిపేరు తెచ్చుకున్నాడు. తర్వాత బెంగాల్ లాన్సర్స్ అనే గుర్రపు దళంలో చేరాడు. ఉర్దూ, పష్తో, పర్షియన్, అరబ్బీ భాషలు నేర్చాడు. 1904లో భారత ప్రభుత్వపు రాజకీయ శాఖలోకి మారి గల్ఫ్‌కు వచ్చాడు.

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. ఆ రోజుల్లో గల్ఫ్ వ్యవహారాలు లండన్ కంటే ఎక్కువగా కలకత్తా, సిమ్లాల నుంచే నడిచేవి. కువైట్ బజారులో మన రూపాయే చెల్లేది. 1961లో దినార్ వచ్చేదాకా రూపాయిదే రాజ్యం. నేను రోజూ కారు పార్కింగుకోసం చక్కర్లు కొట్టే ఈ షువైఖ్‌ తీరాన్ని 1907లో బ్రిటిష్‌వాళ్ళు షేక్ ముబారక్ దగ్గర రహస్యంగా లీజుకు తీసుకున్నారు. జర్మనీ వేయించదలచిన బాగ్దాద్ రైలుమార్గం ఇక్కడి సముద్రం దాకా రాకుండా అడ్డుకోవడం వారి ఉద్దేశం. అద్దె ఏడాదికి 60,000 రూపాయలు. ఈ నేలకూ మనకూ సంబంధం మన వీసాలతో మొదలైంది కాదన్నమాట.

అదే 1907లో షేక్‌స్పియర్ ఒక సాహసం చేశాడు. సెలవు దొరికితే అందరూ ఓడెక్కి ఇంటికి వెళ్ళేవారు. ఆయన ఒంటి సిలిండరు, 8 హార్స్‌పవర్ రోవర్ కారు ఒకటి కొని, గల్ఫ్ తీరం నుంచి ఇరాన్, టర్కీల మీదుగా యూరప్ దాటి ఇంగ్లండు చేరాడు. రోడ్డుంటే రోడ్డు, లేకుంటే గాడిదల బాట. మన వీధుల్లో తిరిగే చిన్న స్కూటర్ల ఇంజన్లకు కూడా ఇంచుమించు అంత శక్తి ఉంటుంది. దాంతో ఖండాలు దాటాడంటే మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది.

1909లో ఆయన కువైట్‌కు పొలిటికల్ ఏజెంటుగా వచ్చాడు. అప్పటికి కువైట్ మట్టిగోడల ఊరు. ముత్యాల వేట, ఓడల వ్యాపారం తప్ప వేరే ఆధారం లేదు. తాగే నీళ్ళు కూడా షట్ అల్ అరబ్ నది నుంచి పడవల్లో తెచ్చుకునేవారు. సముద్రపు ఒడ్డున ఏజెన్సీ భవనం. ఈనాడు గల్ఫ్ రోడ్డు మీద డిక్సన్ హౌస్ అని పిలిచే ఇల్లు అదే.

వేసవిలో ఆఫీసు పని, పడవ ప్రయాణాలు. చలి మొదలైతే మాత్రం ఆయన మనసు ఊళ్ళో నిలిచేది కాదు. ఒంటెలు కట్టించి, డేగనూ సలూకీ వేటకుక్కలనూ వెంటబెట్టుకుని ఎడారిలోకి వెళ్ళిపోయేవాడు. ఎడారి ప్రయాణానికి చలికాలమే ఎందుకంటే, శరదృతువు చివర వాన పడితే ఇసుకలో పచ్చిక మొలుస్తుంది. ఒంటెలకు మేత దొరుకుతుంది, గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి, పగలంతా నడవవచ్చు. ఆ పచ్చికకోసం బెదూయిన్లు మందలతో కదులుతారు. ఉత్తరం నుంచి వలసపక్షులు దిగుతాయి. వాటి వెనకే డేగలు వస్తాయి. ఉరుములతో కూడిన వానలు మంచిగా పడిన ఏడు ఇసుక కింద ఫగా అనే దుంపలాంటి పుట్టగొడుగులు ఊరతాయి. నేల చిన్నగా పగిలి ఉబ్బిన చోటు చూసి తవ్వుకుంటారు. వాటికోసం ఇప్పటికీ కువైటీలు పిల్లాపాపలతో వెళతారు.

ఇక డేగల వేట. మనకిది కొత్తేమీ కాదు. సాళువ నరసింహరాయల వంశం పేరులోని సాళువం వేటడేగే. బెదూయిన్ల పద్ధతేమిటంటే, శరత్కాలంలో వలసవచ్చిన డేగను పట్టి, కళ్ళకు తోలుటోపీ తొడిగి, చేతిమీదే కూర్చోబెట్టుకుని, మంట దగ్గర మనుషుల మధ్య ఉంచి మచ్చిక చేస్తారు. కొన్ని వారాలలో అది పిలిస్తే వస్తుంది. చలికాలమంతా వేటాడించి, ఎండలు ముదిరేముందు చాలామంది వదిలేసేవారు. దాని వేట హుబారా పక్షి. మన బట్టమేక పిట్టకు దాయాది అనుకోండి. ఇసుక రంగులో ఇసుకలో కలిసిపోతుంది. డేగ మీదపడితే జిగురులాంటి రెట్ట చిమ్మి దాని రెక్కలు అంటుకుపోయేలా చేస్తుంది. పిట్ట గెలిచే రోజులూ ఉంటాయి. షేక్‌స్పియర్‌కు ఈ ఆట ప్రాణం. బెదూయిన్లతో స్నేహం కూడా దీనివల్లే కుదిరింది. డేగను చేతిమీద పెట్టుకుని మంట దగ్గర కూర్చున్నవాడిని పరాయివాడిగా చూడలేకపోయారు. అలాగని ఆయన వేషం మార్చుకోలేదు. అరబ్బు దుస్తులు వేసుకోకుండా తన యూనిఫాంలోనే, తన టోపీతోనే తిరిగాడు.

అయిదేళ్ళలో అలాంటి ప్రయాణాలు ఏడు చేశాడు. వేటకని బయల్దేరినా తుపాకితోపాటు కెమెరా, కంపాస్, థర్మామీటరు ఒంటెమీద ఉండేవి. నడిచిన దిక్కును కంపాస్‌తో చూసి, దూరాన్ని ఒంటె నడిచిన సమయాన్నిబట్టి లెక్కగట్టి, రాత్రి నక్షత్రాలతో అక్షాంశం సరిచూసుకునేవాడు. నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత ఎంత తగ్గితే అంత ఎత్తులో ఉన్నట్టు. ఇంజనీరింగులో మాకు సర్వేయింగ్ ల్యాబ్ ఉండేది. నలుగురం కలిసి కాలేజీ క్యాంటీను చుట్టూ కంపాస్‌తో తిరిగొస్తే, మా మ్యాపులో మొదలుపెట్టిన చోటూ ముగించిన చోటూ కలిసేవి కావు. ఆయన ఒంటెమీద ఊగుతూ గీసిన దారులు చూస్తే, ఆ రోజు మేం రికార్డు బుక్కులో దిద్దిన అంకెలు గుర్తొచ్చి సిగ్గేసింది.

1910లో షేక్ ముబారక్ అతిథిగా కువైట్ వచ్చిన ఇబ్న్ సౌద్‌తో ఆయనకు పరిచయమైంది. పైన చెప్పిన ఫోటో అప్పటిదే. మరుసటి ఏడు మార్చిలో ఎడారిలో ఇబ్న్ సౌద్ విడిదికే వెళ్ళాడు. జెండాలతో కదిలిపోతున్న ఆయన ఒంటెల సైన్యాన్ని కెమెరాలో పట్టాడు. అరేబియా భవిష్యత్తు ఈయన చేతిలో ఉందని పై అధికారులకు రాశాడు. టర్కీతో తగాదా ఎందుకని వాళ్ళు పట్టించుకోలేదు.

1914 జనవరిలో కువైట్ ఉద్యోగం ముగిసింది. ఈసారి ఇంటిదారి అరేబియా మీదుగా. ఫిబ్రవరి మొదట్లో కువైట్ నుంచి బయల్దేరి రియాద్, బురైదా, జౌఫ్‌ల మీదుగా మే నెలలో సూయెజ్ చేరాడు. సుమారు 2,900 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీ వెళ్ళి తిరిగొచ్చినంత. అందులో దాదాపు 1,900 కిలోమీటర్లు అంతకుముందు మ్యాపులకెక్కని దారి.

ఆ ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. నవంబరుకల్లా టర్కీ శత్రువైంది. నాలుగేళ్ళుగా ఆయన మాట వినని ప్రభుత్వానికి ఇప్పుడు ఇబ్న్ సౌద్ స్నేహం అత్యవసరమైంది. షేక్‌స్పియర్‌నే వెనక్కి పంపారు. డిసెంబరులో కువైట్ నుంచి మళ్ళీ ఒంటెలు కదిలాయి. అదే చలి, అదే దారి, ఈసారి వేట కాదు. జనవరిలో ఇబ్న్ సౌద్ గుడారాలలో కూర్చుని ఒప్పందం ముసాయిదా రాశారు. ఇంతలో టర్కీ పక్షాన ఉన్న హాయిల్ పాలకుడు ఇబ్న్ రషీద్‌తో యుద్ధం ముంచుకొచ్చింది. వెళ్ళిపొమ్మని ఇబ్న్ సౌద్ బతిమాలినా ఆయన కదలలేదు. 1915 జనవరి 24న జర్రాబ్ దగ్గర యుద్ధం. అజ్మాన్ తెగవాళ్ళు చివరి నిమిషంలో పక్కకు తప్పుకోవడంతో సౌద్ సేన చెదిరింది. ఇసుకదిబ్బ మీద ఫిరంగి పక్కన, యూనిఫాంలో, అందరికీ కనపడేలా నిలబడిన షేక్‌స్పియర్ కాల్పుల్లో చనిపోయాడు.

ఆయన మొదలుపెట్టిన ఒప్పందం మీద 1915 డిసెంబరు 26న దారిన్‌లో సంతకాలయ్యాయి. ఆయనే బతికుంటే బ్రిటిష్‌వాళ్ళు మక్కా షరీఫ్ వైపు కాకుండా ఇబ్న్ సౌద్ వైపే మొగ్గేవారని, మనం సినిమాలో చూసిన లారెన్స్ కథ వేరేలా ఉండేదని వాదించే చరిత్రకారులున్నారు. అది చరిత్రకారులకే వదిలేద్దాం.

నన్ను పట్టుకున్నది వేరే సంగతి. ఆయన ఎలా పోయాడో లోకానికి ఎలా తెలిసింది? సమాధానం ఆయన వంటవాడు. పేరు ఖాలిద్. ఆ రోజు ఎడారిలోనే ఉన్నాడు. ప్రాణాలతో బయటపడి, కువైట్ చేరి, చూసింది చూసినట్టు ఏజెన్సీలో చెప్పాడు. దాన్ని వాంగ్మూలంగా రాసుకున్నారు. డేగ ఫోటోలున్నాయి, సైన్యం ఫోటోలున్నాయి. ఆ చలికాలాల్లో తెల్లవారుజామున లేచి మంట రాజేసి కాఫీ కాచినవాళ్ళు ఎవరో చరిత్రకు పట్టలేదు. చివరికి దొర కథకు సాక్షి వంటవాడే అయ్యాడు.

ఇది చదివాక మళ్ళీ క్యాంపుకు వెళ్ళినప్పుడు నా చూపు మారింది. ఇప్పుడు హుబారా కువైట్‌లో కనపడడమే అరుదు. అడవి జింకలు పోయాయి. 2014 పర్యావరణ చట్టం తర్వాత వేట నేరం. మన కర్నూలు వైపు రోళ్ళపాడులో బట్టమేక పిట్టకు పట్టిన గతే ఇక్కడ దీనికీ పట్టింది. మా మిత్రుడి డేగ తాడుకు కట్టిన ఈకల గుత్తి మీదే పడుతుంది. మారనిది ఒక్కటే. మంట రాజేసేది వేరే మనిషి. ఆ క్యాంపు చూసుకునేది రాయచోటి దగ్గర పల్లె నుంచి వచ్చిన మన తెలుగాయన. గుడారం వేయడం, జనరేటరు, టీ, డేగకు మేత, అన్నీ ఆయనే. మూడు చలికాలాలు నేను ఆయన చేతి టీ తాగి, ఊరేమిటని కూడా అడగలేదు. నాలుగో ఏడు అడిగాను. అన్నా అని పిలిచాను. పిల్ల నర్సింగు చదువు గురించి గంటసేపు చెప్పాడు.

ఆ రాత్రి మేం బయల్దేరుతుంటే, మండుతున్న బొగ్గుల కుంపటిని ఆయన తన చిన్న గుడారంలోకి తీసుకెళ్ళి తలుపు బిగించుకోబోయాడు. ఆ పొగకు వాసన ఉండదు, నిద్రలోనే మనిషి పోతాడు. చలికాలంలో గల్ఫ్ పేపర్లలో అలాంటి వార్తలు వస్తూనే ఉంటాయి, అందులో మనవాళ్ళూ ఉంటారు. కుంపటి బయట పెట్టించి, కారులో ఉన్న దుప్పట్లు ఇచ్చి వచ్చాం. మూడేళ్ళుగా ఆయన అలాగే పడుకుంటున్నాడట. మాకెవరికీ తెలియదు.

రెండేళ్ళకోసారి ఇలా కలుసుకునే మనకు గొప్పవాళ్ళ కథలు ఎన్నో తెలుసు. ఈసారి కువైట్ వస్తే డిక్సన్ హౌస్ తప్పక చూడండి. చలికాలమైతే ఎవరైనా ఎడారి క్యాంపుకు పిలిస్తే వెళ్ళండి. అక్కడ మీకు టీ అందించిన మనిషిని ఊరూ పేరూ అడగండి. రాత్రి కుంపటి ఎక్కడ పెట్టుకుంటున్నాడో కూడా అడగండి.