జిబ్రిల్ డియోప్ మాంబెటీ

జిబ్రిల్ డియోప్ మాంబెటీ (1945 - జూలై 23, 1998) సెనెగల్ దేశానికి చెందిన ప్రసిద్ధ సినిమా దర్శకుడు, నటుడు. ఏ చలనచిత్ర విద్యాలయంలోనూ శిక్షణ పొందకుండా స్వయంకృషితో దర్శకుడైన ఇతడు తీసిన పూర్తి నిడివి కథాచిత్రాలు రెండే. అయినా ఆఫ్రికా సినిమా చరిత్రలో ఇతనికి ప్రత్యేక స్థానం ఉంది.

జీవితం

ఇతడు రాజధాని డకార్ సమీపంలోని కొలోబాన్‌లో ఒక ముస్లిం మతబోధకుని ఇంట జన్మించాడు. నాటకాలపై మక్కువతో డకార్‌లోని డేనియల్ సొరానో జాతీయ నాటకశాలలో నటుడిగా చేరాడు. క్రమశిక్షణ లేదన్న కారణంతో అక్కడినుండి తొలగించబడ్డాడు. ఆ తరువాతే సినిమా వైపు మళ్ళాడు. డకార్ నగరంలోని వైరుధ్యాలను పరిహసించే "కాంట్రాస్ సిటీ" ఇతని తొలి లఘుచిత్రం. 1970లో "బదూ బోయ్" తీశాడు.

టూకీ బూకీ

1973లో వచ్చిన "టూకీ బూకీ" ఇతని కీర్తికి ప్రధాన కారణం. వొలోఫ్ భాషలో ఈ పేరుకు హైనా ప్రయాణం అని అర్థం. సుమారు 30,000 డాలర్ల స్వల్ప వ్యయంతో నిర్మించబడింది. ఎద్దు కొమ్ములు బిగించిన మోటారు సైకిలుపై తిరిగే మోరీ, విద్యార్థిని అంతా పారిస్ వెళ్ళాలని కలలు కంటూ డబ్బు కోసం దొంగతనాలకు పాల్పడతారు. తీరా ఓడ ఎక్కే సమయానికి మోరీ వెనుదిరుగుతాడు, అంతా ఒంటరిగా వెళ్ళిపోతుంది. కథను వరుసగా చెప్పక, దృశ్యాలను, శబ్దాలను ముక్కలుగా పేర్చిన ఈ పద్ధతి ఆనాటి ఆఫ్రికా సినిమాకు కొత్త. ఈ చిత్రం కాన్స్, మాస్కో చలనచిత్రోత్సవాలలో బహుమతులు పొందింది.

ఇంత పేరు వచ్చినా మలి కథాచిత్రానికి దాదాపు ఇరవై సంవత్సరాలు పట్టింది. మధ్యలో 1989లో ఒక చిన్న డాక్యుమెంటరీ మాత్రం తీశాడు.

తరువాతి చిత్రాలు

1992లో విడుదలైన "హైనాలు" స్విస్ రచయిత ఫ్రెడరిక్ డ్యూరెన్‌మట్ నాటకం ఆధారంగా తీసినది. ఒకప్పుడు వెలివేయబడిన స్త్రీ అపార ధనంతో తిరిగివచ్చి, తనను మోసగించిన వ్యక్తి ప్రాణానికి వెలకడుతుంది. ఊరివాళ్ళు మొదట కాదంటారు, తరువాత అప్పులు చేసి వస్తువులు కొనడం మొదలుపెడతారు. కథాస్థలానికి మాంబెటీ తన జన్మస్థలమైన కొలోబాన్ పేరునే పెట్టడం గమనార్హం. సంగీతం సమకూర్చిన వాసిస్ డియోప్ ఇతని సోదరుడు.

అనంతరం సామాన్యుల కథలుగా మూడు చిత్రాలు తలపెట్టాడు. సి.ఎఫ్.ఎ. ఫ్రాంకు విలువ సగానికి తగ్గించబడిన 1994లోనే మొదటిదైన "లె ఫ్రాంక్" వచ్చింది. లాటరీ టికెట్టును తలుపుకు అంటించిన పేద సంగీతకారుడు, అది గెలిచాక విడదీయలేక తలుపునే మోసుకుపోతాడు. రెండవది, ఊతకర్రలతో నడుస్తూ వార్తాపత్రికలు అమ్మే బాలిక కథ. ఇది 1999లో, ఇతని మరణానంతరం విడుదలైంది. మూడవది పూర్తికాలేదు.

మరణం

ఊపిరితిత్తుల కాన్సర్‌తో పారిస్‌లో 53వ యేట మరణించాడు. 2008లో మార్టిన్ స్కోర్సెసీ స్థాపించిన ప్రపంచ సినిమా ఫౌండేషన్ "టూకీ బూకీ"ని పునరుద్ధరించింది. మోరీ పాత్రధారి మగాయే నియాంగ్ ప్రధానంగా ఇతని సోదరుని కుమార్తె మాతీ డియోప్ 2013లో "వేయి సూర్యులు" అనే చిత్రం తీసింది.