మిగిలిపోయిన కనెక్టర్

భద్రాచలంలో మా బాబాయి షాపులో బిల్లులు ఇప్పటికీ డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీదే వస్తాయి. గోదావరి అవతల సారపాకలోనే పేపర్ మిల్లు ఉంది కాబట్టి, కాగితం గురించి మా వైపు అందరికీ ఎంతోకొంత తెలుసు. ప్రింటర్ వెనకాల ఉన్న లావుపాటి ప్లగ్‌ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. రెండు పక్కలా తీగ క్లిప్పులు, మధ్యలో 36 పిన్నులు. సెలవుల్లో దాని గురించి వెతుకుతుంటే ఆన్ వాంగ్ అనే ఆయన కథ దొరికింది.

వాంగ్ 1920లో షాంఘైలో పుట్టారు. అక్కడే ఇంజనీరింగ్ చదివి 1945లో అమెరికా వెళ్ళారు. 1948లో హార్వర్డ్‌లో డాక్టరేట్ తీసుకుని, అక్కడి కంప్యూటర్ ల్యాబ్‌లో చేరారు. అప్పట్లో ఒక చిక్కు ఉండేది. చిన్న అయస్కాంత రింగులో దాచిన బిట్‌ని చదివితే అది చెరిగిపోయేది. పోతే పోనీ, చదవగానే మళ్ళీ రాసేద్దాం అన్నది వాంగ్ ఆలోచన. కోర్ మెమరీకి అదొక పునాది అయింది. 1956లో ఆ పేటెంట్‌ని ఐబీఎంకి అమ్మేశారు.

అంతకుముందే, 1951లో, దాచుకున్న 600 డాలర్లతో సొంత కంపెనీ పెట్టుకున్నారు. అదే వాంగ్ ల్యాబొరేటరీస్. 1960ల్లో వాళ్ళ క్యాలిక్యులేటర్లకి మంచి పేరొచ్చింది. తర్వాత దాని అనుబంధ సంస్థ సెంట్రానిక్స్‌లో రాబర్ట్ హోవర్డ్, ప్రెంటిస్ రాబిన్సన్‌లతో కలిసి తక్కువ ధర ప్రింటర్ మీద పని మొదలుపెట్టారు. కనెక్టర్ ఏది వాడాలి? ఒక పాత క్యాలిక్యులేటర్ కోసం తెప్పించిన 36 పిన్నుల కనెక్టర్లు 20,000 దాకా స్టాకులో మిగిలిపోయి ఉన్నాయి. అవే వాడేశారు. 1970లో ఆ ప్రింటర్ బయటికొచ్చింది.

అది పనిచేసే తీరు ఇది. ఎనిమిది తీగల మీద ఒక అక్షరం బిట్లన్నీ ఒకేసారి వస్తాయి. స్ట్రోబ్ తీగ ఒక్క క్షణం కిందికి దిగితే, తీసుకో అని అర్థం. ప్రింటర్ బిజీ తీగని పైకి లేపితే, ఆగు అని. పని అయ్యాక అక్ తీగ మీద చిన్న పల్స్ వస్తుంది. అంటే అందింది, ఇంకోటి పంపు అని. 1981లో ఐబీఎం పీసీ వచ్చి కంప్యూటర్ వైపు 25 పిన్నులకి తగ్గించింది గానీ, ప్రింటర్ వైపు ఆ 36 పిన్నులే ఉండిపోయాయి.

తర్వాత వాంగ్ కంపెనీ వర్డ్ ప్రాసెసర్లతో చాలా పెద్దదైంది. పీసీలు వచ్చాక వెనకబడింది. 1986లో ఆయన పగ్గాలు కొడుకు ఫ్రెడ్‌కి ఇచ్చారు. నష్టాలు పెరిగి, 1989లో ఆ కొడుకునే తప్పించాల్సి వచ్చింది. 1990లో వాంగ్ క్యాన్సర్‌తో చనిపోయారు. 1992లో కంపెనీ దివాలా తీసింది.

ఇంజనీరింగ్‌లో ఎప్పుడూ బెస్ట్ డిజైనే నిలబడుతుందని నేను అనుకునేవాణ్ణి. కానీ ఆయన కట్టుకున్న కంపెనీ పోయింది, గోడౌన్‌లో మిగిలిపోయిన సరుకు నిలిచింది. పైగా దాన్ని అందరూ సెంట్రానిక్స్ కనెక్టర్ అంటారు, ఆయన పేరు ఎక్కడా లేదు. ఈసారి ఏ షాపులోనైనా డాట్ మ్యాట్రిక్స్ చప్పుడు వినిపిస్తే, ఒకసారి వెనక్కి వెళ్ళి పిన్నులు లెక్కపెట్టండి.